రోజూ రాత్రి ప్రార్థనలో ఒక మేలు చెప్పాలి. నేను అల్లి చెబుతున్నాను

చీరాల చిన్నది · సోమవారం, రాత్రి 10:52

అందరికీ వందనాలు. ఇన్నాళ్ళూ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. తిట్టేవాళ్ళుంటే కాస్త నెమ్మదిగా తిట్టండి.

మా ఇంట్లో రాత్రి ఎనిమిదిన్నరకి కుటుంబ ప్రార్థన. ఒక కీర్తన, ఒక వాక్యభాగం, తర్వాత వరసగా ఒక్కొక్కళ్ళం "ఈ రోజు దేవుడు నాకు చేసిన మేలు" చెప్పాలి. చెప్పకపోతే అన్నం పెట్టదని కాదు, చెప్పేదాకా అమ్మ అలా మొహంలోకి చూస్తూ కూర్చుంటుంది. చిన్నప్పుడు తేలిగ్గా ఉండేది. పోయిన పెన్సిలు దొరికింది, లెక్కల టీచర్ రాలేదు, వాన పడి బడి ఎగిరిపోయింది. నాన్నయితే ఏ రోజు అడిగినా "సైకిల్ పంక్చర్ కాలేదు" అనేవాడు. మేం పకపకా నవ్వేవాళ్ళం.

నాన్న పోయి నాలుగేళ్ళు. నేనిప్పుడు గుంటూరులో ల్యాబ్ టెక్నీషియన్ని, హాస్టల్లో ఉంటా. ఎనిమిదిన్నరకి అమ్మ ఫోన్ చేస్తుంది. ప్రార్థన అందులోనే.

రెండు నెలల కింద ఓ గవర్నమెంటు పోస్టుకి సర్టిఫికెట్ల పరిశీలనకి పిలిచారు. బస్సు తప్పిపోయింది. తర్వాతది పట్టుకుని వెళ్ళేసరికి గంటన్నర ఆలస్యం, లోపలికి రానివ్వలేదు. సాక్ష్యాల్లో వింటుంటాం కదా, "బస్సు తప్పిపోయింది, ఏడ్చాను, సాయంత్రానికి తెలిసింది ఆ బస్సు బోల్తా పడిందని". నా బస్సు బోల్తా పడలేదు. క్షేమంగా చేరింది. నాతోపాటు దరఖాస్తు పెట్టిన అమ్మాయి అందులోనే వెళ్ళింది, ఇప్పుడు ఆ ఉద్యోగమే చేస్తోంది.

ఆ రాత్రి అమ్మతో "దేవుడు ఇంకా మంచిది దాచిపెట్టాడేమోలే" అన్నాను. అప్పట్నుంచి రోజూ ఏదో ఒకటి అల్లడమే. నిన్న "బస్సులో సీటు దొరికిందమ్మా" అన్నా. నిన్న నేను బస్సే ఎక్కలేదు.

కళ్ళు మూసుకుని, తలమీద చున్నీ కప్పుకుని, అబద్ధం. మేలు లేదనడం లేదు. నాకు కనబడటం లేదు. మీకెలా కనబడుతుంది?

సిలువ నీడ · సోమవారం, రాత్రి 11:05

సిస్టర్, రోమా 8:28. మేలు కలుగుటకై సమస్తమును సమకూడి జరుగుచున్నవి. నమ్మండి, అంతే. జనవరి 1న గుడిలో ఏడాదికొక వాక్యమని ఇచ్చే వాగ్దానం కార్డు మీకు ఏది వచ్చింది? దాన్ని పట్టుకుని ప్రార్థించండి.

మెదక్ పోరడు · సోమవారం, రాత్రి 11:31

అక్కా నాది ఇను. పోయిన శుక్రవారం నర్సాపూర్ అడవి రోడ్డు మీద బండి జారింది. ఎన్క లారీ. సరిగ్గ అడుగు దూరంల ఆగింది. హెల్మెట్ రెండు చెక్కలైంది, తలకాయకి గీత పడలే. గిది దేవుడు కాదంటే ఇంకేంది? రేపు ఆదివారం సంఘంల సాక్ష్యం చెప్తున్న.

లెక్కల మాస్టారు · మంగళవారం, ఉదయం 6:20

తమ్ముడూ, బతికి బయటపడ్డావు, సంతోషం. ముందు కొత్త హెల్మెట్ కొనుక్కో. పగిలింది మళ్ళీ పనికిరాదు.

నేను పాస్టరు గారి కొడుకునే. గుడి మెట్ల మీదే పెరిగాను, ఇప్పుడు గుడికి వెళ్ళను. అయినా ఈ అమ్మాయి రాసింది చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. పాతకాలం గ్రీసులో మేలోసు దీవివాడు డయాగొరాస్ అని ఒకడుండేవాడు. నాస్తికుడని పేరు. సముద్రంలో తుఫానులో చిక్కి, మొక్కుకుని బతికి వచ్చినవాళ్ళు గుడిలో పెట్టిన చిత్రపటాలను ఎవరో అతనికి చూపించి "ఇంతమందిని దేవుళ్ళు కాపాడారే, కనబడటం లేదా" అన్నారట. "మొక్కుకుని కూడా మునిగిపోయినవాళ్ళ బొమ్మలేవి?" అన్నాడట అతను.

మన సాక్ష్యాల కూడికలు కూడా ఆ బొమ్మల గోడలాంటివే. మైకు దగ్గరికి వచ్చేవాడు లారీ ఆగినవాడు. లారీ ఆగనివాడు రాడు, వాళ్ళావిడ వెనక వరసలో కూర్చుని వింటుంది.

అమ్మాయీ, నువ్వు అబద్ధం చెబుతున్నానని ఒప్పుకున్నావు. చాలామంది తాము అల్లుతున్నామని తెలియకుండానే అల్లుతారు. నన్నడిగితే ఒక పుస్తకం తీసుకో, నడిమికి గీత కొట్టు. అడిగితే వచ్చినవి ఒక పక్క, అడిగినా రానివి ఒక పక్క. మూడు నెలలు నిజాయితీగా రాయి. ఆ తర్వాత నీకే తెలుస్తుంది.

సిలువ నీడ · మంగళవారం, ఉదయం 6:48

దేవుణ్ణి శోధింపకూడదు మాస్టారు. లెక్కలు దేవుని దగ్గర పనికిరావు.

నరసాపురం రేవు · మంగళవారం, ఉదయం 9:15

పనికిరావని ఎవరన్నారు బాబూ? నాకు డెబ్బై నాలుగేళ్ళు. మాది బ్రదరన్ సహవాసం, ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ. మా నరసాపురం వైపు సువార్త వచ్చిందే లెక్క రాసేవాళ్ళ చుట్టరికం వల్ల.

ఇంగ్లండులోని బ్రిస్టల్లో అనాథ పిల్లలకి ఇళ్ళు కట్టిన జార్జి ముల్లర్ గారి పేరు మన కూడికల్లో వినని వారుండరు. ఆయన బావమరిది ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్. ఆ గ్రోవ్స్ గారి వెంట బౌడెన్, బీర్ అనే ఇద్దరు 1836లో ఇటు బయల్దేరి వచ్చారు. గోదావరి డెల్టా మిషను వాళ్ళతో మొదలైంది. ముల్లర్ గారు విల్సన్ వీధిలో అద్దె ఇంట్లో మొదటి అనాథ గృహం తెరిచిందీ 1836లోనే. ఇందులో ఏదో మర్మముందని నేననను, మాస్టారు నవ్వుతారు.

నేను చెప్పదలిచింది ముల్లర్ గారి పుస్తకం సంగతి. ఎవర్నీ చెయ్యి చాపి అడగనని నియమం పెట్టుకున్నాడు, ప్రార్థనలో మాత్రమే అడిగేవాడు. 1870 నాటికి ఆష్లీ డౌన్‌లో అయిదు పెద్ద ఇళ్ళు, రెండు వేలకు పైగా పిల్లలకి చోటు. ప్రతి పౌనూ, ప్రతి షిల్లింగూ తేదీ వేసి రాశాడు. మధ్యాహ్నం దాకా చేతిలో చిల్లర లేని రోజులూ రాశాడు. మనం ఆయన దగ్గర్నుంచి అద్భుతాలు తీసుకున్నాం, ఆ రాత అలవాటు మాత్రం తీసుకోలేదు. మా సంఘంలో ప్రార్థన మనవులు రాసే నల్లబల్ల ఒకటుంది. కొత్త మనవి వస్తే పాతది తుడిచేస్తారు. ఆ తుడిచేసింది ఏమైందో ఎవరూ అడగరు. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను.

లెక్కల మాస్టారు · మంగళవారం, ఉదయం 9:40

రేవు గారూ, గౌరవంతోనే అడుగుతున్నా. ఎవర్నీ అడగలేదంటారు, ఏటేటా నివేదిక అచ్చువేసి పంచాడు కదా. "దేవుడు ఇలా ఇచ్చాడు" అని ఊరంతా పంచిపెట్టడం అడగడం కాదా?

నరసాపురం రేవు · మంగళవారం, ఉదయం 11:02

మంచి ప్రశ్నే. ఆయనకీ ఆ బెంగ ఉన్నట్టుంది. 1841 చివర్లో డబ్బుకి మరీ ఇబ్బంది పడుతున్న సమయంలోనే నివేదిక చదివే కూడిక రావాల్సి ఉంటే, ఇప్పుడు చదివితే పరోక్షంగా అడిగినట్టవుతుందని వాయిదా వేశాడు. ఇబ్బంది గడిచాక చదివాడు. మీ అనుమానం దీంతో పూర్తిగా తీరదు, తెలుసు.

మీరు చెప్పిన రెండో పక్క సంగతి కూడా చెబుతాను. 1870లో ఆయన భార్య మేరీ గారు జబ్బుపడి చనిపోయారు. పిల్లల రొట్టె కోసం అడిగిన నోటితోనే ఆమె కోసమూ అడిగాడు. రాలేదు. ఆమె సమాధి కూడికలో ప్రసంగం తానే చేశాడు. తీసుకున్న వాక్యం 119వ కీర్తనలోది, "నీవు దయాళుడవై మేలుచేయుచున్నావు". నాకు నలభై ఏళ్ళప్పుడు ఆ సంగతి తెలిసి ముసలాయన మనసు రాయి అనుకున్నా. నా ఇల్లాలు పోయాక మళ్ళీ ఆలోచించా. ఇప్పటికీ ఆ వాక్యం నేను గట్టిగా చదవలేను. చదివినవాణ్ణి తప్పుపట్టడం మాత్రం మానేశాను.

గుణదల మెట్లు · మంగళవారం, మధ్యాహ్నం 2:10

చెల్లీ, మేం కతోలికులం. ఇక్కడ మమ్మల్ని కొందరు వింతగా చూస్తారు గానీ నీ ప్రశ్నకి మా దగ్గర ఒక పాత పద్ధతి ఉంది. విజయవాడ లొయోలాలో చదివేటప్పుడు ఓ జెస్విట్ ఫాదర్ నేర్పారు.

ఆ జెస్విట్ సభ స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా మొదట సైనికుడు. 1521లో స్పెయిన్‌లో పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది. ఇంట్లో మంచంమీద పడి చదువుకోవడానికి వీరగాథలు అడిగితే ఇంట్లో లేవు, క్రీస్తు జీవితం, పునీతుల కథలు ఇచ్చారు. పగలంతా ఊహలే. రాచకన్య ముందు పరాక్రమం చూపిస్తున్నట్టు గంటలకొద్దీ ఊహించుకునేవాడు, అప్పటికి బాగుండేది, అయిపోయాక లోపల ఎండిపోయినట్టుండేది. పునీతుల్లా బతుకుతున్నట్టు ఊహించుకుంటే అప్పుడూ బాగుండేది, తర్వాతా ఆ ఊరట ఉండిపోయేది. ఆ తేడా గమనించడమే ఆయన బడి. దేవుడు ఎటు లాగుతున్నాడో అక్కడ పసిగట్టాడు.

నీ ఇంటి ప్రార్థనలో అడుగుతున్నది "ఏం మేలు జరిగింది" అని. ఇగ్నేషియస్ పద్ధతిలో అది మొదటి మెట్టే. రాత్రి పది పదిహేను నిమిషాలు. ఉన్నవాటికి కృతజ్ఞత చెప్పుకోవాలి. తర్వాత "నా రోజును నా కళ్ళతో కాదు, నీ వెలుగులో చూపించు" అని అడగాలి. ఇది దాటేస్తే మిగతాదంతా మన సొంత డైరీ అవుతుంది. ఆ తర్వాత పొద్దున లేచినప్పటి నుంచి గంట గంటా వెనక్కి నడవాలి, ఎక్కడ మనసు తేలికైంది, ఎక్కడ ముడుచుకుపోయింది. తప్పిన చోట క్షమాపణ. చివర రేపటి కోసం ఒక్క మాట. ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి ముందు చేసే ఆత్మశోధన కాదిది, పాపాల జాబితా రాసుకోవడం కాదు.

ఒక పని చెయ్యి. ఆ బస్సు తప్పిన రోజునే తీసుకో. మేలు వెతక్కు. ఊరికే ఆ రోజులో మళ్ళీ నడువు. మీ అమ్మకి చెప్పినట్టు కాదు, జరిగినట్టు.

కువైట్‌లో రాజంపేట · మంగళవారం, సాయంత్రం 6:30

చెల్లెమ్మా, నేను ఈడ ఇంటిపనికొచ్చి తొమ్మిదేండ్లు. రాసేది సరిగా రాదు, తప్పులుంటే సర్దుకోండి.

మొదటి ఇంట్లో వంటింటి పక్కన సామాను గదిలో పండుకునేదాన్ని. ప్రార్థన అంటే అప్పుడు నాకు ఒకటే, దేవా నన్ను ఇంటికి పంపించు. మూడేండ్లు అదే అడిగినా. పంపీలేదు. అయితే ఆ గదిలో ఉల్లిగడ్డ బస్తాలు ఉండేవి. ఒక గడ్డకి మొలక వచ్చింది, చీకట్లోనే, పచ్చగా. దాన్ని గ్లాసులో పెట్టినా. మేడమ్మ చూసి అరిచింది, పారేసింది. మళ్ళా ఇంకోటి మొలిచింది. నాకు దాంట్లో దేవుడు కనబడినాడా అంటే ఏమో. రాత్రి ప్రార్థనలో చెప్పుకునేదానికి ఒకటి దొరికింది, అంతే.

ఇప్పుడు ఇల్లు మారినా, ఈ మేడమ్మ మంచిది. శుక్రవారం గుడికి పంపిస్తాది. గుడిలో అందరూ నా ముందటి కష్టాన్ని "ఇందుకోసమే దేవుడు అట్ల చేసినాడు" అంటారు. నాకు ఆ మాట వద్దు. దేవుడు నన్ను ఆ గదిలో పెట్టలా. ఏజెంటు పెట్టినాడు. దేవుడు ఆ గదిలోకి వచ్చినాడు, అట్ల అంటే ఒప్పుకుంటా.

మెదక్ పోరడు · మంగళవారం, రాత్రి 7:05

అక్కా కండ్లల్ల నీళ్ళొచ్చినయ్.

అవనిగడ్డ మనవడు · బుధవారం, ఉదయం 7:45

రాజంపేట అక్కయ్య మాట చదివాక మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఇది ఎక్కడా రాయలేదు.

1977 నవంబర్ 19, శనివారం. దివిసీమ ఉప్పెన. సర్కారు లెక్కలోనే పదివేల మంది పైన పోయారు. మా నాయనమ్మ తుమ్మచెట్టు కొమ్మల్లో చిక్కుకుని రాత్రంతా ఉంది. ఆమె రెండు అరచేతుల నిండా ముళ్ళు దిగిన మచ్చలు. చిన్నప్పుడు నేను వాటిని వేలితో లెక్కపెట్టేవాణ్ణి, కుడి చేతిలో పదకొండు.

తర్వాత ఊళ్ళో కృతజ్ఞత కూడిక పెట్టారు, బతికినవాళ్ళు సాక్ష్యం చెప్పాలని. నాయనమ్మ పేరు పిలిస్తే లేవలేదు. అయ్యగారు మళ్ళీ పిలిచారు. లేవలేదు. దేవుడి మీద అలిగిందని ఊళ్ళో అనుకున్నారు. నేను ఇంటర్ చదివేటప్పుడు అడిగితే చెప్పింది. "నా పక్కన కూర్చున్నదానికి ముగ్గురు పిల్లలు పోయార్రా. అది అక్కడుండగా నేను లేచి 'నన్ను కాపాడాడు' అంటే, దాని పిల్లల్ని ఏం చేశాడని చెప్పినట్టు?"

అలాగని ప్రార్థన మానలేదు. అన్నానికి బియ్యం కొలిచిన ప్రతిసారీ ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది, ఆదివారం గుడికి. పిడికెడు బియ్యం అందరిళ్ళలోనూ తీస్తారు. ఈమె మాత్రం పిడికిలి మూసేముందు అరచేయి ఒకసారి చూసుకునేది. ఆమె సాక్ష్యం అదేనని నాకు చాలా ఏళ్ళకి అర్థమైంది. మైకులో చెప్పలేదు, పక్కింటామె మనసు నొప్పించలేదు.

సిలోయము గోపురం కూలి పద్దెనిమిదిమంది చచ్చినప్పుడు వాళ్ళు మిగతా వాళ్ళకంటే పాపులనుకుంటున్నారా అని ప్రభువే అడిగాడు కదా, లూకా 13లో. బతికినవాళ్ళు ఎక్కువ నీతిమంతులనీ అనలేదు.

లెక్కల మాస్టారు · బుధవారం, ఉదయం 8:10

మనవడు గారూ, మీ నాయనమ్మ లాంటివాళ్ళు మా నాన్న సంఘంలో ఇద్దరున్నా నేనింత దూరం వెళ్ళేవాణ్ణి కాదేమో. ఏమో, వెళ్ళేవాణ్ణే అనుకోండి. నమస్కారం.

కొండమీది దీపం · బుధవారం, మధ్యాహ్నం 12:30

నేను ఒంగోలు దగ్గర పల్లెలో సేవ చేస్తున్నాను. పాస్టర్లు ఎవరూ మాట్లాడట్లేదని అనుకుంటారేమోనని రాస్తున్నా.

ఒంగోలులో ప్రార్థన కొండ ఉంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జూయెట్ దొరగారు, ఆయన భార్య, ఇంకొందరు తెలుగు విశ్వాసులు ఎక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థించారు. అప్పటికి నెల్లూరు మిషను ఫలితం లేదని మూసేద్దామా అని అమెరికాలో మాటలు నడుస్తున్నాయి. ఆ వచ్చిన మనిషి, మిషనరీ క్లౌ దొరగారు, ఒంగోలు వచ్చేసరికి 1866. అంటే పన్నెండేళ్ళు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ ప్రార్థన చేసినవాళ్ళకి ఆ మర్నాడు ఏం కనబడి ఉంటుంది? కొండ దిగారు, ఎండ ఎక్కింది, అంతే. మోషేకి కూడా దేవుడు వెనుక పార్శ్వమే చూపించాడు. ఆయన దాటిపోయాకే మనకి కనబడుతుంది చెల్లీ.

తోలు చెప్పులు · బుధవారం, మధ్యాహ్నం 1:05

పాస్టరు గారూ, ఈ కథ ప్రతి జనవరిలో వింటున్నాం. ఎప్పుడు విన్నా కొండ మీంచి గబుక్కున నదిలోకి దూకుతుంది. మధ్యలో మా వాళ్ళు మాయం.

ఎర్రగుంట్ల పేరయ్య పేరు ఎందుకు రాయలేదు? తాళ్ళకొండపాడు మాదిగ. తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగేవాడు, యోగుల దగ్గర సత్యం వెతికినవాడు. తనే ఈ మార్గాన్ని వెతుక్కుంటూ వచ్చి, తర్వాత తన జనంలోకి నడిచి నడిచి చెప్పాడు. క్లౌ దొర మా పల్లెలకి వచ్చేసరికి దారి అప్పటికే వేసి ఉంది.

ఇంకోటి. 1876 నుంచి 78 దాకా కరువు. బకింగ్‌హాం కాలువ తవ్వే పనిలో మూడున్నర మైళ్ళు క్లౌ దొర కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. తిండి కోసం మతం పుచ్చుకున్నారనే మాట పడకూడదని కరువు నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. అది ఆయన గొప్పతనం, ఒప్పుకుంటా. అయితే కొందరు ప్రసంగీకులు "దేవుడు కరువు రప్పించి జనాన్ని రక్షణకి తెచ్చాడు" అని గంభీరంగా చెబుతారు. ఆ కాలువ గట్టున చచ్చిపోయింది మా ముత్తాతల పిల్లలు. వాళ్ళని మెట్టుగా వాడుకునే దేవుడెవరో నాకు తెలియదు. అనుకుంటే ఇలా అనుకుంటా, కరువు కరువే, కూలి ఇప్పించిన చెయ్యి దేవుడిది, పేరయ్య కాళ్ళు దేవుడివి.

కొండమీది దీపం · బుధవారం, మధ్యాహ్నం 3:20

తమ్ముడూ, తప్పు నాదే. పేరయ్య గారి పేరు నాకు తెలుసు, అయినా రాయలేదు. అలవాటు కొద్దీ దొరల పేర్లే వచ్చాయి. ఈ ఆదివారం సరిచేసి చెబుతాను.

కరువు మీద మీతో పూర్తిగా ఏకీభవించలేను. యోసేపు తనని గుంటలో పడేసి అమ్మేసిన అన్నలతో "మీరు కీడు ఉద్దేశించితిరి, దేవుడు దాన్ని మేలుకే ఉద్దేశించెను" అన్నాడు కదా. గుంటలోంచి, చెరసాలలోంచి దేవుడి చెయ్యి నడిచింది.

తోలు చెప్పులు · బుధవారం, మధ్యాహ్నం 3:34

ఆ మాట అన్నది యోసేపు. గుంటలో పడినవాడు. గుంట గట్టున నిలబడ్డ అన్నలు అనలేదు. ఎవరి గుంట గురించి వాళ్ళే చెప్పుకోవాలి పాస్టరు గారూ.

మోడరేటర్ · బుధవారం, సాయంత్రం 5:00

చిన్నపిల్లల బాప్తిస్మం చెల్లుతుందా లేదా అని మొదలైన పదకొండు పోస్టులు వేరే గదికి మార్చాను. ఇక్కడ అమ్మాయి అడిగిందానికే జవాబివ్వండి.

చీరాల చిన్నది · గురువారం, రాత్రి 11:20

అందరివీ రెండేసి సార్లు చదివాను. గుణదల అన్నయ్యా, మీరు చెప్పినట్టు ఆ రోజులో మళ్ళీ నడిచాను. హాస్టల్ డాబా మీద కూర్చుని, ఫోన్ కింద వదిలేసి.

పొద్దున నాలుగున్నరకి అలారం మోగింది. ఆపి పడుకున్నాను. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, నాకు నేను కూడా చెప్పుకోలేదు. "బస్సు తప్పిపోయింది" అనే అంటున్నా, బస్సే ఏదో తప్పు చేసినట్టు. ముందు రోజు రాత్రి రెండింటి దాకా డ్యూటీ. నాది కాదు, వేరే అమ్మాయిది. రేపు నాకు పనుందని చెప్పి తప్పుకోవచ్చు, చెప్పలేదు. మొహమాటం. ఎవరడిగినా సరే అనడం, తర్వాత లోపల కుమిలిపోవడం. నాలుగేళ్ళుగా ఇదే చేస్తున్నానని డాబా మీద అర్థమైంది. నాన్న పోయాక, అందరికీ మంచిదాన్ననిపించుకుంటే చాలన్నట్టు బతికేస్తున్నా.

రెండు నెలలుగా దేవుడు నాకు బస్సు ఎందుకు తప్పించాడా అని ఆలోచిస్తున్నా. ఆయన తప్పించలేదు. ఏడుపొచ్చింది, కానీ ఎండిపోయిన ఏడుపు కాదు. అన్నయ్య రాసిన తేడా ఇదేనేమో తెలియదు.

ఇవాళ డ్యూటీ మార్చుకోమని అడిగితే కుదరదన్నాను. గొంతు వణికింది. ఆ అమ్మాయి "సరేలే" అని వెళ్ళిపోయింది. అంతే!

అమ్మకి ఇంకా చెప్పలేదు.

గుణదల మెట్లు · శుక్రవారం, ఉదయం 5:50

చెప్పు. తొందరేం లేదు, కానీ చెప్పు.

నరసాపురం రేవు · శుక్రవారం, ఉదయం 8:30

అమ్మాయీ, 103వ కీర్తనలో "ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము" అని ఉంది. దావీదు ఆ మాట చెప్పింది తన ప్రాణానికి. ఎదుటివాళ్ళకి అప్పజెప్పమని కాదు. మీ అమ్మ ముందు ఖాళీ చేతులతో కూర్చున్నా తప్పులేదు.

చీరాల చిన్నది · మూడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 8:05

మళ్ళీ వచ్చాను. చెప్పేశాను.

పోయిన శనివారం ఇంటికెళ్ళా. ఎనిమిదిన్నరకి చాప వేశాం, కీర్తన అయింది, నా వంతు వచ్చింది. "ఇవాళ నాకేం కనబడలేదమ్మా" అన్నా. అలారం సంగతీ, ఎక్కని బస్సులో దొరికిన సీటు సంగతీ అన్నీ చెప్పా. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. బైబిలు మీద కళ్ళద్దాలు పెట్టి, చాప అంచు పీకుతూ కూర్చుంది. చివరికి "మీ నాన్న పోయాక ఏడాదిన్నర నేనేం చెప్పేదాన్నో గుర్తుందా?" అంది. గుర్తుంది. రోజూ "పప్పులో ఉప్పు సరిపోయింది" అనేది. నేను అమ్మ విశ్వాసం ఎంత గట్టిదో అనుకునేదాన్ని, ఉప్పులో కూడా దేవుణ్ణి చూస్తోందని.

"ఆ ఏడాదిన్నర నాకు పప్పు రుచే తెలియలేదే" అంది.

ఇద్దరం నవ్వామో ఏడ్చామో. నాన్న సైకిల్ పంక్చర్ సంగతి కూడా అడిగా. నాన్న అబద్ధం చెప్పేవాడు కాదట. టైరు అరిగిపోయి ఉండేదట, మార్చడానికి డబ్బుల్లేక. రోజూ పొద్దున భయపడుతూ ఎక్కేవాడట. మేం నవ్వేవాళ్ళం.

మాస్టారూ, మీ పుస్తకం పెట్టాను. రెండు గడులు చాల్లేదు. వచ్చినవి, రానివి, వాటి పక్కన "తెలియదు" అని ఇంకోటి గీశా. ఇరవై ఒక్క రోజుల్లో వచ్చినవి తొమ్మిది, రానివి అయిదు, తెలియనివి ఏడు. ఉద్యోగం సంగతి ఆ మూడో గడిలోనే ఉంది. అమ్మకి ఫొటో పంపిస్తే "ఆ గడి కాస్త వెడల్పుగా గీయాల్సింది" అంది.

ఉంటా, అమ్మ ఫోన్ చేసే టైమైంది.

కువైట్‌లో రాజంపేట · ఆదివారం, రాత్రి 9:10

మీ అమ్మకి నా వందనాలు చెప్పు చెల్లెమ్మా. ఉప్పు మాట నాకు బాగా తెలుసు.

లెక్కల మాస్టారు · ఆదివారం, రాత్రి 9:25

మూడో గడి నాకు తట్టలేదు. లెక్కల మాస్టారికి తట్టాల్సింది.

మెదక్ పోరడు · ఆదివారం, రాత్రి 9:41

నేను గూడ పుస్తకం పెట్టిన. సాక్ష్యం చెప్పనీకె పోయిన గని, ముందల కూసున్నామె భర్త పోయిన ఏడు గదే రోడ్డు మీద పోయిండు. మనవడన్న రాసింది యాదికొచ్చి, ఉత్త స్తోత్రం చెప్పి కూసున్న. కొత్త హెల్మెట్ తీస్కున్న, 1,150 అయింది. గిది ఏ గడిల రాయాలె?

లెక్కల మాస్టారు · ఆదివారం, రాత్రి 9:44

ఖర్చుల్లో.